గుండెలోతు

మధ్యాన్నం మూడింటికి ఆడోళ్ల బ్యాచీ.
నెల్లూరు మున్సిపాలిటీ ఈతకొలను గేటుకాడ
పుస్తకంలో సలోమి అని రాసి
పక్కన కండక్టర్ అని కూడా రాశా, అలవాటు కొద్దీ.
కొట్టేసి, రిటైర్డ్ అని రాశా.

ఇరవై ఆరేళ్లు నిలబడే ఉండా నేను.
కావలి, కలిగిరి, వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి,
మళ్లీ వెనక్కి.
గుంట వచ్చినప్పుడల్లా నా మోకాళ్లే కమాన్‌పట్టీలు.
బస్సుకైతే డిపోలో మార్చారు.
నాకెవురు మారుస్తారు?

ఎక్స్‌రే ఎత్తి ట్యూబులైటుకి ఆనించి
ఫిజియో చెంచురామయ్య చెప్పాడు:
"రెండెముకల నడమ సందు లేదమ్మా,
నేల మీద నడిస్తే నూరుకుంటాయి.
నీళ్లల్లో నడువు."
నవ్వొచ్చింది.
నీళ్ల మీద నడిచినాయన ఒక్కడే తెలుసు నాకు.
ఆయన కూడా పైన నడిచాడు గాని
లోపల కాదు.

అరవై ఏళ్లకి మొదటిసారి
చీర కాకుండా నైలాను ప్యాంటు.
అందరూ చూస్తుండారనుకున్నా.
ఎవురి పొట్ట వాళ్లు దాచుకుంటుండారు.
కమ్మీ పట్టుకుని దిగా.
చీలమండ. పిక్క.
మోకాలికి తగలంగానే చల్లగా ఒక పలకరింపు,
పాత బాకీవాడు ఎదురుపడినట్టు.
నడుము.
గుండెలోతుకొచ్చేసరికి
డెబ్బై ఎనిమిది కిలోల సలోమిని
ఎవురో చంకల కింద చేతులు పెట్టి ఎత్తుకుండారు.
తిరిగి చూశా.
ఎవురూ లేరు.

కోచ్ నౌషీన్ మైపాడు పిల్ల, విజిలుంటది మెడలో.
"నడవండాంటీ" అంటది.
అడుగేస్తే నీళ్లొచ్చి అడ్డం నిలబడ్డాయి.
ఓస్, ఇది నాకు తెలిసిన పనే!
సోమవారం పొద్దున ఉదయగిరి బస్సు ఇది.
యాభై సీట్లకి తొంభై మంది, ఇసకేస్తే రాలదు,
భుజంతో తోసుకుంటా, తుంటితో తప్పించుకుంటా
జరగండి, లోపలికి జరగండి అంటా
చివరి సీటు దాకా పోయి రావాల.
నీళ్లూ అంతే. తోస్తేనే దారి.
ఎంత జోరుగా తోస్తే అంత జోరుగా ఎదురు తోస్తాయి.
కాకపోతే ఈ జనం కాలు తొక్కరు,
చిల్లర కోసం తగాదా పడరు,
నేను పడబోయినా
పడనీరు.

దర్గామిట్ట సుబ్బరత్తమ్మకి షుగరు.
నురగ డంబెల్స్ నీళ్లల్లోకి అదుముతా ఉంటది,
అవేమో నిద్దరపోని చంటిబిడ్డల్లా
అదిమిన కొద్దీ పైకి లేస్తాయి.
"రొట్టెల పిండి పిసికినా ఇంత ఆయాసం రాలేదమ్మే" అని
ఆయాసపడతానే అంటది.
చెమట పట్టిందో లేదో తెలవదు ఈడ.
పట్టేలోపే నీళ్లు తుడిచేస్తాయి.
మర్నాడు తెలిసింది నాకు, తొడల్లో.
అది కీళ్ల నొప్పి కాదు, కండ నొప్పి.
కీళ్ల నొప్పి వడ్డీ వసూలుకొచ్చినట్టు ఉంటది,
ఇది సాయంత్రం చేతికొచ్చిన కూలిలా ఉంది.
నొక్కి నొక్కి చూసుకున్నా.

విజిలు పడితే పైకెక్కాల.
అసలు కష్టం అదే.
ఒక్కో మెట్టుకీ ఇన్ని కిలోలు
లగేజీ టికెట్ లేకుండా ఎక్కుతాయి ఒంటిమీదికి.
ఆఖరి మెట్టుకి మళ్లీ డెబ్బై ఎనిమిదీ హాజరు.
(నౌషీన్ కాటా మీద డెబ్బై ఏడున్నర. ఆ అర నమ్మను.)

రెండో నెలలో ఒకనాడు
తడి జడతోనే బుచ్చి బస్సెక్కా.
మొదటి మెట్టు ఎప్పుడూ ఎత్తే,
ఆడోళ్ల కాళ్లు కొలిచి చేసింది కాదది.
ఎడం మోకాలు కిర్రుమంది.
కుడిది మాట్లాడలా.
మాట్లాడద్దేమోనని కాసేపు మెట్టుమీదే ఆగా.
వెనకాల ఎవురో జరగమ్మా అన్నారు.

కండక్టర్ పిల్ల, కొత్తది, సంచి ఇంకా మెరుస్తా ఉంది.
"సీటుంది, కూర్చోండమ్మా" అంది.
నిలబడగలను ఇప్పుడు, బుచ్చి దాకా.
కూర్చున్నా.
ఇరవై ఆరేళ్ల సీటు
బాకీ ఉంది నాకు.